వంటయింటి జమాఖర్చులు

మన ఇండ్లలో చిట్టా వ్రాయు ఇల్లాండ్రు కొందరే యుందురు గాని, లెక్క ఎరుగని ఇల్లాలు మాత్రము లేదు. తవ్వెడు బియ్యము ఎందరికి చాలునో, నూనె సీసా ఎన్ని దినములకు వచ్చునో, పండుగ ముందర ఏ సరకు ఎంత తెప్పించవలెనో ఆమెకు నోటికే తెలియును. అయినను ఆ లెక్కలోనికి రాని ఖర్చులు కొన్ని ప్రతిదినము వంటయింటిలోనే జరుగుచున్నవి. పొయ్యిలో కాలిన కట్టె ఏ గట్టుమీది చెట్టుదో, బిందెలోని నీరు ఎంత లోతునుండి వచ్చినదో, పొయ్యినుండి లేచిన పొగ ఎవరి రొమ్ములోనికి పోయినదో, చెత్తలో పారవేసిన సంచి తుదకు ఏ చెరువు గట్టున చేరినదో మనము వ్రాసికొనుట లేదు. ఈ ఖర్చులను గూడ లెక్కలోనికి తెచ్చుకొన్న వంటయిల్లే పర్యావరణమునకు అనుకూలమైన వంటయిల్లని మా అభిప్రాయము.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతముల ఇండ్లను దృష్టియందుంచుకొని నేడు నాలుగు పద్దులను పరిశీలింతము. అవి నిప్పు, నీరు, మిగులు, శ్రమ. నాలుగవ పద్దును మరచినందుననే మొదటి మూడింటను మనము తలపెట్టిన సంస్కరణములు పలుమారు నిలువక పోయినవని మాకు తోచుచున్నది.

మొదట నేలను గురించి ఒక మాట. పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు 2016 అక్టోబరులో పెక్కు జిల్లాలుగా విడిపోయినవి. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అప్పుడు ఏర్పడినవి. 2019లో నారాయణపేట వేరుపడినది. కాగితముమీది హద్దులు మారినవి గాని నేల మారలేదు. అడుగున నల్లరాయి, పైన పలుచని చెలక నేల, ఏడాదికి సుమారు ఆరు ఏడు వందల మిల్లీమీటర్ల వాన, అదియు నమ్మరానిది. దక్షిణమున కృష్ణ ప్రవహించుచున్నను, కాలువ నీరు అందినది కొంత భాగమునకే. నల్లమల అడవి ఒక అంచున మాత్రమే కలదు. మిగిలిన ఊళ్లలో పొయ్యిలోనికి వచ్చునది సర్కారు తుమ్మ, కంది కట్టె, పత్తి కట్టె, ఆముదపు కట్టె, పిడకలు. పొయ్యిలో కాలిన ప్రతి పిడక చేనికి పోవలసిన ఎరువే. కావున ఇచ్చట వంటచెరకు పొదుపు చేయుట అనగా అడవిని కాపాడుట మాత్రమే కాదు, చెలకకు బలము నిలుపుట కూడ.

నిప్పు పద్దును చూతము. మూడు రాళ్ల పొయ్యిలో కట్టె కాలినప్పుడు పుట్టు వేడిమిలో పాత్రకు చేరునది సుమారు పదింట ఒక పాలు. మంచి పొయ్యి అయినచో మరికొంత. తక్కినది గాలిలోనికి, గోడలకు, వండువారి ముఖమునకు పోవును. పూర్తిగా కాలని కట్టె పొగగా మారును. ఆ పొగలోని సన్నని కణములు ఊపిరితిత్తుల లోతుల వరకు పోవును. ఇండ్లలో వంట పొగ మూలమున 2020లో ప్రపంచమంతట సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. వారిలో రెండు లక్షలకు పైబడి అయిదేండ్లలోపు పిల్లలు. చంకలో బిడ్డతో పొయ్యి ఊదు తల్లిని చూచినవారికి ఈ అంకెలకు అర్థము వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ పొగను తొలగించుటకై దేశములో జరిగిన తొలి ప్రయత్నములలో ఒకటి మన హైదరాబాదులోనే జరిగినది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు నాటి హైదరాబాదు రాష్ట్రములో భాగములుగా నున్న దినములలో, హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన డాక్టర్ ఎస్. పి. రాజుగారు పొగలేని పొయ్యి నొకదానిని రూపొందించిరి. ఆ పరిశోధనాలయపు ఆంగ్లనామములోని తొలి అక్షరములతో అది ‘హెర్ల్ చూలా’ అని పేరు పొందినది. కోట్లాది ఇండ్లకు పొగలేని వంటయిల్లు అను భావముతో 1953లో ఆయన ఆంగ్లములో ఒక చిన్న పుస్తకము ప్రకటించిరి. ఆ పొయ్యి మట్టిదే. లోపల పొగ నడచుటకు ఒక దారి, ఆ దారిమీద వరుసగా పాత్రలు కూర్చుండు కన్నములు, చివర ఇంటిపైకి పోవు గొట్టము. మొదటి పాత్ర క్రింద మండిన మంట వేడిమి వెనుక పాత్రలకు అంది, పిదప పొగ బయటికి పోవును. విలువగల సామగ్రి అక్కరలేదు, ఊరి మట్టి చాలును.

తరువాత 1983లో కేంద్ర ప్రభుత్వము మెరుగుపరచిన పొయ్యిలకై జాతీయ కార్యక్రమము నారంభించినది. 2002 వరకు సాగిన ఆ కార్యక్రమమున మూడు కోట్లకు పైగా పొయ్యిలు వేయబడినవి. అయినను వానిలో పెక్కు కొద్ది ఏండ్లలోనే మూలబడినవి. కారణమేమి? మా బంధువుల ఇంట అట్టి పొయ్యి యొకటి ఉండెడిది. గొట్టము మసితో మూసుకొనిపోయి, పొగ మరల ఇంటిలోనికే రాసాగినది. ఇంత మంచి పొయ్యిని ఏల పాడుపెట్టితిరని మేము అడుగగా ఆ ఇంటి పెద్దమ్మ నవ్వి, “పొగ పోతే మంచిదే గద బిడ్డా! మరి ఆ కప్పు మీదికెక్కి గొట్టంల మసి దులిపేదెవ్వరు? నీ పెదనాయనకు తీరిక లేకపాయె, నాకు కాళ్లు లేకపాయె” అనెను. మరియొక సంగతి కూడ ఆమె చెప్పినది. పొయ్యినోరు చిన్నది కావున కట్టెను సన్నగా చీల్చవలెను, చీల్చునది ఆమెయే. జొన్నరొట్టె పెనము ఆ కన్నముపై సరిగా కూర్చుండదు. రొట్టె కాల్చునది ఆమెయే. పొయ్యి కట్టినవారు కట్టెను కొలిచిరి, పొగను కొలిచిరి. పెద్దమ్మ పనిని మాత్రము కొలువలేదు.

గ్యాసు పొయ్యి విజయము పొందుటకు కారణమిదే. 1999లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకము క్రింద పేద కుటుంబముల స్త్రీలకు గ్యాసు కనెక్షనులు ఇచ్చుట ఆరంభమైనది. 2016 మేలో కేంద్రము ఉజ్జ్వల యోజన తెచ్చినది. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వము అర్హులైన కుటుంబములకు 500 రూపాయలకు సిలిండరు అందించు పథకమును ఆరంభించినది. అడవి రక్షణను గూర్చిన ఉపన్యాసములు విని ఇల్లాలు గ్యాసుకు మారలేదు. కట్టె మోయు పని, ఊదు పని, మసి తోము పని తప్పినవి కావున మారినది. చెట్టుకు కలిగిన మేలు ఆమె నడుమునకు కలిగిన మేలు వెంట వచ్చినది.

అయితే గ్యాసు నేలలోనుండి తీసిన ఇంధనమే గాని తరుగని నిధి కాదు. 14.2 కిలోల సిలిండరు ఒకటి కాలి ముగియునప్పటికి సుమారు 42 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరును. కావున పొదుపు ఇచ్చటను కావలెను. ఇందులకు కొత్త యంత్రములు అక్కరలేదు. నీరు మరగుట మొదలైన పిదప మంట ఎంత పెంచినను పాత్రలో వేడిమి పెరుగదు. నీరు ఆవిరియగుట మాత్రమే త్వరపడును. మరగగానే మంట తగ్గించి మూత పెట్టినచో అన్నము అంతే కాలములో ఉడుకును, గ్యాసు మిగులును. కందిపప్పును వండుటకు ముందు అరగంట, శనగలు, బొబ్బర్ల వంటి గింజలను రాత్రియంతయు నానబెట్టవలెను. మంట పాత్ర అడుగు దాటి ప్రక్కలకు లేచినచో అది ఇంటి గాలిని కాచుచున్నదని అర్థము. నీలిమంట పసుపు రంగుకు తిరిగి పాత్రకు మసి పట్టినచో బర్నరు కన్నములు మూసుకొన్నవని గ్రహించి శుభ్రపరుపవలెను.

గంపలో వరిగడ్డి దట్టముగా పరచి, ఒక పొంగు వచ్చి కొంతసేపు ఉడికిన పాత్రను మూతతో అందులో దించి, పైన మరల గడ్డియు పాత దుప్పటియు కప్పినచో మిగిలిన ఉడుకు నిప్పు లేకయే పూర్తియగును. అన్నమునకు, గటకకు ఈ పద్ధతి చక్కగా పనికివచ్చును. ఇల్లాలు చేనికి పోయి వచ్చులోపల వంట వేడిగా సిద్ధమైయుండును. ఆమె పొయ్యివద్ద నిలువనక్కరలేదు కావున ఇది నిలువగల పద్ధతియని మా నమ్మకము.

గ్యాసు వచ్చిన ఇండ్లలో సైతము వాకిటనో పెరటిలోనో కట్టెల పొయ్యి మిగిలియున్నది. స్నానమునకు నీళ్లు కాచుట, రొట్టెలు కాల్చుట అచటనే. దీనిని చూచి కోపగించుట వలన లాభము లేదు. మన ప్రాంతమున వాన తక్కువ గాని ఎండకు కొరత లేదు. అడుగు, ప్రక్కలు నల్లరంగు వేసిన లోహపు పాత్రలో నీరు నింపి మూతవేసి ఉదయము ఎండలో ఉంచినచో సాయంకాలమునకు స్నానమునకు తగిన గోరువెచ్చని నీరు దొరకును. స్నానమును సాయంకాలమునకు మార్చుకొనగల ఇంటికి ఇంతకంటె చవుకైన ఉపాయము లేదు. రొట్టెల పొయ్యి తప్పనిచో అది గాలి ఆడు వసారాలో ఉండవలెను, తడికట్టె వాడరాదు, పసిబిడ్డను దాని చెంతకు తేరాదు. పశువులు గల ఇండ్లవారు గోబరుగ్యాసును గూర్చి ఆలోచింపవచ్చును. అందు పేడనుండి మంటయు వచ్చును, మిగిలిన ద్రవము ఎరువుగా చేనికిని పోవును. ఒక్క పేడ రెండు పనులు చేయుట పిడకలలో సాధ్యము కాదు. అయితే దానికి ప్రతిదినము పేడయు నీరును కలిపి పోయు మనిషి కావలెను. ఆ మనిషి ఎవరో ముందుగా నిర్ణయించుకొన్న పిదపనే గుంత త్రవ్వించుట మంచిది.

ఇక నీటి పద్దు. నల్లగొండ పేరు చెప్పగానే దేశమంతటను జ్ఞప్తికి వచ్చునది ఫ్లోరైడు. ఇచ్చటి రాతిలోని ఖనిజములనుండి ఫ్లోరైడు భూగర్భజలములలోనికి దిగును. బోరు లోతునకు పోయిన కొలది అనేక చోట్ల బాధ అధికమైనది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతములలో పండ్లు గారలు పట్టి, ఎముకలు వంగి, నడివయసుననే కర్ర పట్టినవారిని మనమందరము చూచితిమి. త్రాగు నీటిలో లీటరునకు ఒక మిల్లీగ్రాము, వేరు ఆధారము లేనిచోట ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని భారతీయ ప్రమాణము. ఇచ్చట గృహిణులు తెలిసికొనవలసిన ముఖ్య విషయమొకటి కలదు. నీటిని కాచుట వలన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై తగ్గిన కొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. కావున ఫ్లోరైడు బోరు నీటిని త్రాగుటకే గాక పప్పు, చారు, అంబలి వండుటకును వాడరాదు.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును పేర్చి దించు పద్ధతిని రూపొందించి 1975లో ప్రకటించిరి. ‘నల్లగొండ పద్ధతి’ అని అది లోకమంతట ప్రసిద్ధి చెందినది. ఇంటిలోని బకెట్టులో సైతము చేయవచ్చును: తగిన మోతాదు కలిపి, పది నిమిషములు త్రిప్పి, గంటసేపు కదలనీయక, పైతేట తీసికొనవలెను. శాస్త్రము సరియైనదే. అయితే మోతాదు నీటినిబట్టి మారును, పని ప్రతిదినము చేయవలెను, అడుగు మడ్డిని జాగ్రత్తగా పారవేయవలెను. మన జిల్లా పేరు ప్రపంచమునకు ఎక్కించిన ఆ పద్ధతి మన వంటయిండ్లలో వ్యాపింపకపోవుటకు మరల ఆ పెద్దమ్మ ప్రశ్నయే సమాధానము. 2015 జూన్‌లో చౌటుప్పల్ వద్ద పైలాన్‌తో ఆరంభమైన మిషన్ భగీరథ ద్వారా నది నీరు కొళాయిలకు వచ్చుటతో ఆ దినదిన శ్రమ చాలవరకు తప్పినది. ఆ నీరు వచ్చు ఇండ్లలో దానిని త్రాగుటకు, వంటకు ముందుగా పట్టి ఉంచి, బోరు నీటిని కడుగుటకు మాత్రము వాడవలెను. దీనిలో ఇంకొక లాభము కలదు. కఠినజలమున పప్పు త్వరగా ఉడుకదు. మెత్తని నీటిలో వండినచో గ్యాసు కూడ తగ్గును. నీటి పద్దును దిద్దినచో నిప్పు పద్దు దానంతట దిద్దుకొనును.

ఇంట శుద్ధియంత్రము గలవారు ఒక సంగతి గమనింపవలెను. ఆ యంత్రము ఒక లీటరు మంచినీటికై సాధారణముగా మూడు లీటర్ల వరకు విడిచిపెట్టును. ఆ విడిచిన నీటిలో లవణములును ఫ్లోరైడును మరింత చిక్కనై యుండును. కావున దానిని పశువులకు పెట్టరాదు, మొక్కలకు పోయరాదు. నేల కడుగుటకు, మరుగుదొడ్డికి వాడవలెను. బియ్యము, కూరగాయలు కడిగిన మంచినీరు మాత్రము కరివేపాకునకు, అరటికి, సొరపాదునకు అమృతతుల్యము. సబ్బు నీటిని ఇంకుడు గుంతలోనికి మళ్లించినచో వాకిట బురదయు దోమయు ఉండవు.

వంటకములకు సైతము నీటిలెక్క కలదు. జొన్న, సజ్జ, కంది వానమీదనే చెలకలో పండును. బోరు వేసి చెలకలో పండించిన వరికి ఎంత నీరు కావలెనో మన రైతులకు తెలియును. అన్నము మానుమని మేము చెప్పబోము. వారమున కొన్ని పూటలు రొట్టె, గటక, అంబలి మన పళ్లెములోనికి తిరిగి వచ్చినచో నేలలోని నీటికిని శరీరమునకును మేలే. మన ముందుతరమువారికి ఇది వింత కాదు.

మూడవది మిగులు. పూర్వము మన ఇండ్లలో మిగులు అనునది లేదనవచ్చును. బియ్యపు కడుగు, గంజి, తవుడు, తొక్కలు కుడితి తొట్టిలో చేరి పాలుగా తిరిగి వచ్చెడివి. బూడిద అంట్లు తోమెడిది, తక్కినది పెంటకుప్పలో చేరి చేనికి పోయెడిది. పశువు లేని నేటి ఇంట ఆ తొక్కలే ప్లాస్టిక్ సంచిలో మూటగట్టబడి ఊరి బయటి కుప్పలో పడుచున్నవి. గాలి తగులక క్రుళ్లినప్పుడు దుర్గంధముతోబాటు మీథేను వాయువు పుట్టును. మూట విప్పబోయిన ఆవు సంచితో సహా మ్రింగును. పెరటిలో రెండడుగుల గుంతయో, మేడమీద కన్నములు గల పాత కుండయో చాలును. తడి తొక్క ఒక పొర, ఎండుటాకు ఒక పొర వేసి, వారమున కొకమారు కలియబెట్టినచో రెండు మూడు మాసములలో మట్టివాసన గల ఎరువు తయారగును. దుర్వాసన వచ్చినచో తడి ఎక్కువైనదని గ్రహించి ఎండుటాకు వేయవలెను.

విందులనాడు మోదుగాకు విస్తరిని మరువరాదు. మోదుగ మన గట్లమీది చెట్టు. దాని ఆకులు పుల్లలతో కుట్టిన విస్తరి భోజనానంతరము పశువునకో ఎరువుకుప్పకో పోవును. కుట్టినవారికి కూలి గిట్టును. ఒకమారు వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు 2022 జూలై 1 నుండి దేశమున నిషిద్ధములు. అయినను పెండ్లి పందిరి వెనుక వాని గుట్టలు నేటికిని కనబడుచున్నవి. నిషేధము ఉత్తర్వులో నున్నది, విస్తరి మన చేతిలో నున్నది.

కడపట శ్రమ పద్దు. పైన చెప్పినవన్నియు ఒక్క ఇల్లాలి తలమీదనే వేసినచో మూడు మాసములలో అన్నియు మూలబడును. గుంత త్రవ్వుట, ఎరువు కలియబెట్టుట, వసారాలో పొయ్యి కట్టుట, గొట్టము మసి దులుపుట, బర్నరు శుభ్రపరచుట, ఎండలో నీళ్లపాత్ర పెట్టుట పురుషులు చేయదగిన పనులు. పప్పు నానబెట్టుట, తడి పొడి చెత్త వేరుచేయుట పిల్లలు నేర్వదగినవి. పనులు పంచుకొన్న ఇంట అలవాటు నిలుచును. పంచుకొనని ఇంట ఉపదేశము మాత్రము మిగులును.

శ్రోతలకు మేమొక చిన్న పని అప్పగించుచున్నాము. వంటయింటి గోడకు ఒక కాగితము అంటించి, దానిపై సిలిండరు వెలిగించిన తేదీని, అయిపోయిన తేదీని వ్రాయండి. రెండు సిలిండర్లు ముగిసినప్పటికి మీ ఇంటి ఖర్చు ఎంతయో తేలును. పిదప మూత, నానబెట్టుట, మంట తగ్గించుట అను మూడింటిని పాటించి మూడవ సిలిండరు తేదీలను పోల్చుకొనండి. ఎన్ని దినములు ఎక్కువ వచ్చినదో మీకే తెలియును. ఆ కాగితముననే ఇంకొక వరుస గీయండి: నేడు ఈ పని ఎవరు చేసిరి? వారము గడచినను ఆ వరుసలో ఒక్క పేరే కనబడినచో, లెక్క దిద్దుట అచ్చటినుండియే ఆరంభింపవలెను.